తొంభయ్యేడు కాడ

కరీమాబాద్‌ల మా ముందరర్ర
సగం మగ్గం గుంత, సగం కంప్యూటర్ టేబుల్.
గుంత మీద పలకలు, పలకల మీద బియ్యం సంచులు.
టేబుల్ మీద
సుబేదారిల వాయిదాలకు తెచ్చిన డబ్బా,
నా పీజీడీసీఏ చదువు కోసమని.
చదువు ఆర్నెల్లల్ల ఒడిసింది.
సీడీ రైటర్ మాత్రం మూడేండ్లు తిరిగింది.

సీడీకి పదిహేను రూపాయలు.
ఖాళీ సీడీ మీరే తెచ్చుకుంటే ఏడు.

కిటికీ ఊసల నడుమకెల్లి చిట్టీలు లోపలికొచ్చేటియి,
బస్ టికెట్టు వెనుక, కరెంటు బిల్లు వెనుక,
వంకరటింకర పాటల పేర్లు.
ఎవరి చిట్టీల ఏడుపు పాటలెక్కువైతే
వాళ్ల సంగతి వాడకట్టుకన్న ముందు నాకెరుక.
ఒక పిలగాడు పద్నాలుగు రాసి
పదిహేనోదానికి జాగ ఉంచమన్నడు.
ఎందుకంటే,
ఆమెకేం ఇష్టమో ఇంకా అడగలేదట.

బాపు నైట్ డ్యూటీ దిగొచ్చేటోడు,
ఎనుమాముల కోల్డ్ స్టోరేజీల వాచ్‌మన్,
అంగీ నిండ మిర్పకాయ ఘాటు.
తుమ్ముకుంటనే అడిగేటోడు:
"పాటను కాలుస్తరా బిడ్డా ఎవలన్న?"
మంట కాదు బాపూ, సన్నటి వెలుతురు,
సుట్టూ తిరుక్కుంట సుక్కలు వెడ్తది.
"పచ్చబొట్టు తీర్గ."
అవును, పచ్చబొట్టు తీర్గనే.
నలభై ఏండ్లు కండెలు సుట్టిన మనిషి
తిరిగేదాన్ని ఊకె సూస్తనే కూసుండేటోడు.

రైటింగ్ షురువైతే ఇల్లంత కర్ఫ్యూ.
మిక్సీ బంద్. మోటర్ బంద్.
చెల్లె తాడాట వాకిట్లకు.
మౌస్ మీద ఈగ వాలినా నా పానం గిజగిజ.

యాకూబ్ పాషా బ్యాండుల క్లారినెట్ ఊదుతడు.
ఒక్కటే పాట పన్నెండుసార్లు ఎక్కియ్యమంటడు.
"మా ప్లేయర్ల రిపీట్ బటన్ విరిగిందమ్మా,
బారాత్ ఎల్లుండే."
ఒక్కపాట పైసలే తీసుకునేదాన్ని.

ఒకనాడు రుమాల్ల సుట్టి క్యాసెట్ తెచ్చిండు.
అన్నారం ఉర్సుల వాళ్ల ఉస్తాద్ ఊదింది,
టేపు నలిగి, పెన్సిల్ పెట్టి తిప్పీ తిప్పీ.
టేప్‌రికార్డర్‌కు వైరు గుచ్చి
ఇరవై రెండు నిమిషాలు ఎదురుసూసినం.
దానికి అడ్డదారి లేదు,
మనిషి ఎంతసేపు ఊదిండో అంతసేపూ పట్టాలె.
ఆఖరుకు టేపు టప్పున తెగింది,
లోపలికొచ్చినంకనే తెగింది, నయం.

సీడీ ఎక్కుతున్నది.
తొంభై అయిదు. తొంభై ఆరు.
తొంభయ్యేడు కాడ కరెంటు పోయింది.
యూపీఎస్ రెండు కూతలు పెట్టి సచ్చింది.

వాళ్లింట్ల పెడితే "నో డిస్క్" అన్నది.
మా డబ్బాల పెడితే పాడింది.
మూత పడని సీడీ
తనకు పచ్చబొట్టు పొడిచిన చెయ్యినే గుర్తువడ్తదట.

ఇగ ప్రతి జుమ్మేరాత్ వచ్చేటోడు.
బియ్యం సంచి మీద కూసుండి, చెప్పులు గుమ్మం బయట,
కండ్లు మూసి, యేళ్లు తొడ మీద ఆడిచ్చుకుంట.
బాపు నిద్ర మానుకొని పక్కన కూసుండేటోడు.
నడుమల ఉస్తాద్ దమ్ము తీసుకున్న సప్పుడు,
ఎనుక ఎవలో "బేటా, చాదర్ పట్టు" అన్న సప్పుడు,
అక్కడ ఇద్దరూ ఒక్కసారే తల ఊపేటోళ్లు.

ఇంకో సీడీ ఎక్కియ్యచ్చు.
పాట హార్డ్ డిస్కుల భద్రంగనే ఉన్నది.
పది నిమిషాల పని.
నేను చెప్పలే.

ఎనిమిది నెలలు చెప్పలే.

పద్నాలుగు పాటల పిలగాడు మళ్లొచ్చి
పద్నాలుగే సాలు, కొట్టియ్యమన్నడు.
పాడైన సీడీలు మా మేనమామ పట్టుకపోయి
గీసుగొండ చేన్ల పిట్టలకు ఏలాడదీసిండు.
రైటర్ దగ్గుడు మొదలువెట్టింది.

అప్పుడు భయమైంది.
కొత్త సీడీ ఎక్కిచ్చి, నూరు కాడ దించి,
యాకూబ్ పాషా చేతుల పెట్టి
తల వంచుకొని అంత చెప్పేసిన.

సీడీని ఎండకు పెట్టి అటిటు తిప్పి సూసిండు.
"ఎరుకే అమ్మా,
చౌరస్తా షాపు పిలగాడు మొదటి వారమే చెప్పిండు."
రుమాల్ల సుట్టి జేబుల పెట్టుకున్నడు.
చెప్పులిడిచి లోపటికొచ్చి
బియ్యం సంచి సర్దుకుంట కూసున్నడు.
"ముందుగాల పాతది పెట్టు" అన్నడు.
"మీ బాపును లేపు."